మ్యూట్ కొట్టినా హాలంతా అరిచేశారు, ఇంకెందుకండీ ఈ సెన్సారు?

సెకండ్‌షో_జగదాంబ
మొన్నాదివారం జగదాంబ జంక్షన్‌లో సినిమాకెళ్ళాం. హీరో విలన్ కాలర్ పట్టుకుని ఒక తిట్టు తిడతాడు, సౌండ్ కట్, పెదాలు మాత్రం ఆడుతున్నాయి, వెనక వరస కుర్రాళ్ళు ఆ మాట గట్టిగా పూర్తి చేసేశారు. మా ఎనిమిదేళ్ళ పాప "నాన్నా, ఏటన్నాడు?" అని ఒకటే గోల. మామూలుగా వినిపిస్తే పట్టించుకునేదే కాదు. అసలీ కట్లు ఎవరు చెప్తారు, ఏ లెక్కన?

కట్‌పేస్ట్_గురు
పేరులోంచి సెన్సార్ 1983లోనే తీసేశారు గురూ, ఇప్పుడది సర్టిఫికేషన్ బోర్డు. మనం మాత్రం "సెన్సార్ అయిపోయిందా" అనే అంటాం, పనీ అదే కాబట్టి తప్పులేదు. సినిమా చూసి, ఇలాగే ఉంచితే "ఏ" సర్టిఫికెట్, ఈ నాలుగు మాటలు మ్యూట్ చేసి ఆ నెత్తురు షాట్ తగ్గిస్తే "యూఏ", అంటే పిల్లల్ని పెద్దాళ్ళు చూసుకుని తీసుకెళ్ళొచ్చు, అంటారు. అప్పటికే పోస్టర్ మీద డేట్ వేసేసుంటారు, ఏ వస్తే 18 లోపు వాళ్ళని రానివ్వరు, ఫ్యామిలీలు మొత్తం పోతాయి, ఇంక నిర్మాత ఏం చేస్తాడు, "సరే సార్" అంటాడు. కాగితం మీద మాత్రం ఆయన ఒప్పుకుని చేసిన కట్టే. 2023లో చట్టం మార్చి యూఏని 7, 13, 16 ఏళ్ళు అని వయసుల వారీగా విడగొట్టారు కదా, టికెట్ తీసేముందు ఆ నంబర్ చూసుకోవాల్సింది మీరే 😀

ఎంవీపీ_నాటకాలోడు
సినిమాదాకా ఎందుకు. రెండేళ్ళ కిందట మా కాలనీ చవితి పందిట్లో నాటిక వేద్దామని రాస్తే, కమిటీ పెద్దాయన స్క్రిప్ట్ తెప్పించుకుని ఎర్ర పెన్నుతో ఒక్క డైలాగ్ కొట్టేశారు. "కాలవ పొంగితే మనం బీచ్‌కెళ్ళక్కర్లేదు, బీచే ఇంటికొస్తాది", అంతే. "కార్పొరేటర్ గారు ముందు వరసలో కూర్చుంటారు బాబూ" అన్నారు. కిందటేడు నేనే అత్తాకోడళ్ళ కామెడీ రాసిచ్చా, ఒక్క గీత పడకుండా పాసైపోయింది. కాలవ ఇప్పటికీ పొంగుతోంది.

రిటైర్డ్_మాస్టారు
పందిరి కమిటీ చేసినదాన్ని సెన్సార్ అనకండి బాబూ, ఆ మాటకో బరువుంది. 1876లో తెల్లోళ్ళు నాటకాల మీదే చట్టం తెచ్చారు, దాన్ని మనవాళ్ళు రద్దు చేసేసరికి 2018 వచ్చింది. మన శ్రీకాకుళం వైపు గరిమెళ్ళ సత్యనారాయణ గారు పాట రాసి పాడినందుకు జైలుకెళ్ళారు. 1975 ఎమర్జెన్సీలో వార్తలు అచ్చుకి ముందే అధికారులకి చూపించాలన్నారు, కొన్ని పేపర్లు సంపాదకీయం చోటు తెల్లగా వదిలేసి అచ్చేశాయి. మీ పెద్దాయన దగ్గర పెన్నుంది గానీ పోలీసులు లేరుగా?

ఎంవీపీ_నాటకాలోడు
లేరు మాస్టారూ. వాళ్ళు తెల్లగా వదిలారు, నేను ఆ చోట్లో అత్తాకోడళ్ళని పెట్టాను, అదీ నా బాధ.

సెకండ్‌షో_జగదాంబ
ఇప్పుడే చూశా, యూఏ 16. తప్పు నాదే. పాప ఇంకా వదల్లేదు, "ఓరి వెధవా అన్నాడమ్మా" అని చెప్పా. "అంత చిన్నమాటకి సౌండ్ ఎందుకు ఆపేస్తారు నాన్నా" అంటోంది.