ఆదివారం శ్రవణానికి 94డిస్కాంట్‌ను పెట్టవచ్చా?

తార్నాక మేడగది:
వచ్చే ఆదివారం సాయంత్రం మా మేడమీది గదిలో ఎనిమిదిమందిమి కూర్చొని మూడు గంటలపాటు ఆంబియెంట్ (నెమ్మదిగా చుట్టూ పరుచుకొనే సంగీతం), గ్లిచ్ (యంత్రాల తడబాటు చప్పుళ్లతో కట్టే సంగీతం) ఆల్బములు వినాలనుకుంటున్నాము. వచ్చేవారిలో ఐదుగురికి ఈ సంగీతం పూర్తిగా కొత్త. బ్రయన్ ఈనో తెచ్చిన మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్, ఏఫెక్స్ ట్విన్ 1994లో తెచ్చిన సెలెక్టెడ్ ఆంబియెంట్ వర్క్స్ రెండో సంపుటం, ఓవల్ బృందం 1995 నాటి 94డిస్కాంట్, విలియం బసిన్స్కీ డిసింటిగ్రేషన్ లూప్స్ ఇప్పటికి నా జాబితాలో ఉన్నాయి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కారణంతో సహా చెప్పగలరు.

గుజరాతీ గల్లీ పాతకాపు:
మూడోది తీసేయండి. నేను కోఠీ గుజరాతీ గల్లీలో పదకొండేళ్లు సీడీ ప్లేయర్లు బాగుచేశాను. నా బల్ల ముందుకు వచ్చినవాళ్లలో సగానికి సగం మంది ఫిర్యాదు ఒక్కటే: పాట ఒకచోట ఆగి కొట్టుకుంటోందని. స్పిరిటులో ముంచిన దూదితో లెన్సు తుడిచి, ఆ కొట్టుకోవడం ఆగాకనే డబ్బు పుచ్చుకున్నాను. అదే చప్పుడును ఇరవైనాలుగు నిమిషాలు వినిపించి ఆల్బమంటే, నేను ఇన్నాళ్లూ సంగీతాన్ని తుడిచిపారేస్తూ కూర్చున్నానని అనుకోవాలా?

సికింద్రాబాద్ చిన్న స్పీకరు:
ఎయిర్‌పోర్ట్స్‌తో మొదలుపెడితే ఇద్దరు నిద్రపోతారు, అది ఆ ఆల్బము తప్పు కాదు.

నైట్‌షిఫ్ట్ మాదాపూర్:
పాతకాపు గారూ, మీ బల్ల మీది చప్పుడూ ఈ ఆల్బములోని చప్పుడూ ఒకటి కావు. మార్కస్ పాప్ ఉన్న ఈ ఓవల్ బృందం సీడీల మీద కావాలనే రంగు పూసి, ప్లేయరు తడబడినప్పుడు రాలిన తునకలను పోగుచేసుకొని, తర్వాత వాటిని కంప్యూటరులో పేర్చింది. మీరు చెప్పిన ఆ ఇరవైనాలుగు నిమిషాల రచన, డూ వైల్, మొదటి రెండు నిమిషాలు చెవికి గుచ్చుకుంటుందని ఒప్పుకుంటాను, కాని ఐదో నిమిషానికి ఎక్కడో దూరాన గంటలు మోగుతున్నట్లుంటుంది, పదో నిమిషం దాటాక ఆ తడబాటు లేకపోతే వెలితిగా తోస్తుంది. వీరికంటే ముందే, 1980లలోనే, యసునావో తోనే అనే జపాను కళాకారుడు సూదిబెజ్జాలు పొడిచిన జిగురుటేపును సీడీలకు అంటించి వాయించాడు. మీరు పోగొట్టిన చప్పుడును వాళ్లు ఏరుకున్నారు, అంతే తేడా.

గుజరాతీ గల్లీ పాతకాపు:
కంప్యూటరులో పేర్చారని మీరే చెప్పారు కాబట్టి అసలు విషయానికి వస్తాను. సీడీ లోపలి అంచు దగ్గర నిమిషానికి సుమారు 500 చుట్లు, బయటి అంచు దగ్గర సుమారు 200 చుట్లు తిరుగుతుంది. లేజరు ఒకే చుట్టులో చిక్కుకుంటే దెబ్బ లోపలివైపు సెకనులో ఎనిమిదో వంతుకొకసారి పడుతుంది, బయటివైపు మూడో వంతుకు కాస్త తక్కువలో పడుతుంది. మూత తీయకుండానే గీత ఎక్కడుందో నేను చెవితో చెప్పేవాణ్ణి. ఇక చిన్న గీతలైతే వినిపించనే వినిపించవు, ఎందుకంటే పోయిన సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టుకొనే ఏర్పాటు సీడీ రాతలోనే ఉంది, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల గీత దాకా అది ఏ లోటూ తెలియనీయదు. నిజమైన తడబాటుకు ఇంత లెక్క ఉంది. డూ వైల్‌లో నా చెవికి ఆ లెక్క అందలేదు, కాబట్టి అది దొంగ లోపం.

నైట్‌షిఫ్ట్ మాదాపూర్:
లోపమైతే సంగీతం కాదంటారు, లోపం కాకపోతే దొంగదంటారు. ఏదో ఒకటి తేల్చండి.

గుజరాతీ గల్లీ పాతకాపు:
రెండూ అంటాను.

తంబురా తీగ:
మీ ఇద్దరి మధ్యకు రావడం ఇష్టం లేకపోయినా ఒక మాట చెప్పాలి. తంబురాలో తీగలను మోసే గుర్రం మీద తీగ కింద మనం నూలుపోగు దూరుస్తాం కదా, అది లేకపోతే తీగ శుద్ధంగానే పలుకుతుంది కాని ప్రాణం ఉండదు. ఆ పోగును వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట తీగ గుర్రాన్ని రాసుకుంటూ జుమ్మంటుంది. వాయిద్యం తెలియనివాడు దాన్ని తీగ వదులైన చప్పుడనుకుంటాడు, మనం దానికి జీవా అని పేరు పెట్టుకున్నాం. పోతే, ఈ జాబితాలో మన దేశం నుంచి ఒక్కటీ లేకపోవడం నాకు నచ్చలేదు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో మూగ్ సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని నెలకొల్పితే, సంగీతకారిణి గీతా సారాభాయ్ వంటివారు దాని మీద చేసిన పని 2023లో ది ఎన్‌ఐడీ టేప్స్ పేరిట వెలువడింది. కొత్తవారికి అది వినిపించండి. అమెరికా స్వరకర్త పాలిన్ ఒలివెరోస్ ఆల్బము డీప్ లిజనింగ్ కూడా పెట్టండి. ధ్వని నలభై అయిదు సెకన్లపాటు మారుమోగే భూగర్భ జలాశయంలోకి దిగి రికార్డు చేశారు. గోల్కొండ గుమ్మటం కింద ఒక్కసారైనా చప్పట్లు కొట్టినవారికి దాన్ని వేరే వివరించనక్కర లేదు.

గుజరాతీ గల్లీ పాతకాపు:
అమ్మా, నూలుపోగు సంగతి నాకు తెలుసు. మీరు దాన్ని సరైన చోటు దొరికేదాకా జరుపుతారు, దొరికాక ఆపుతారు. అది శ్రుతి చేయడం. సీడీకి రంగు పూసేవాడు ఏం దొరికితే అది తీసుకుంటాడు.

ఉప్పల్ రాగమాల:
చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువుకు కట్టిన ఆల్బమును ఎవరూ తలవలేదేమిటి?

తార్నాక మేడగది:
అది నాకూ ఇష్టమే కాని దానికి కూర్చొని వినడం కుదరదు, లేచి ఆడాల్సి వస్తుంది.

నైట్‌షిఫ్ట్ మాదాపూర్:
పాతకాపు గారూ, మన్నించాలి, మీ బాధ సంగీతం గురించి కాదనిపిస్తోంది. సీడీ ప్లేయర్లు పోయాయి, బాగుచేయించుకొనేవారూ పోయారు, ఆ కోపాన్ని మీరు ఒక జర్మను బృందం మీద తీర్చుకుంటున్నారు. ఇంత వాదించే మీరు బసిన్స్కీని ఒక్క మాట అనలేదు. 1982 నాటి టేపులను ఆయన 2001లో కంప్యూటరులోకి ఎక్కిస్తుండగా, తిరిగిన ప్రతి చుట్టుకూ ఐరన్ ఆక్సైడు రాలిపోతూ, గంటకు పైగా ఒకే స్వరవాక్యం చిరుగుతూ పోవడమే ఆ రచన. అదీ లోపమే. దాన్ని ఎందుకు వదిలేశారు?

గుజరాతీ గల్లీ పాతకాపు:
వదిలేయలేదు, దాని జోలికి పోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. అడిగారు కనుక చెబుతున్నాను. మా నాన్నగారు 1986లో ఇంట్లో పాడిన రామదాసు కీర్తనల క్యాసెట్టు ఒకటి ఉండేది. దాన్ని సీడీలోకి ఎక్కించమని ఒక స్టూడియోవారికి ఇస్తే మూడు నెలలు చెమ్మగదిలో పడేసి, పని చేయకుండానే తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి డెక్కులో పెడితే గొంతు మసకగా వచ్చింది. మూత తెరిచి చూస్తే హెడ్డు మీద గోధుమరంగు పొడి. అక్కడితో ఆపాలని ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. హెడ్డు తుడిచి, లోపం టేపుదా డెక్కుదా అని తేల్చుకోవడానికి మళ్లీ వేశాను. రెండోసారి పల్లవి మాత్రమే మిగిలింది. మీరు చెబుతున్న ఆ చిరగడం నేను విన్నాను, మొత్తం ఎనిమిది నిమిషాలు. బసిన్స్కీ పక్కన రికార్డు చేసే యంత్రం నడుస్తోంది కనుక అది ఆల్బమయింది.

తంబురా తీగ:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నైట్‌షిఫ్ట్ మాదాపూర్:
కోపం తీర్చుకుంటున్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, వాదాన్ని మాత్రం తీసుకోను. నేను రాత్రంతా పనిచేసి పగలు పడుకుంటాను. మా పక్క స్థలంలో సెల్లారు కోసం ఎనిమిది నెలలుగా బండ కొడుతున్నారు. త్యాగరాజ కీర్తన పెట్టుకుంటే ఆ డ్రిల్లు ప్రతి సంగతినీ తెగ్గొడుతుంది, నాకు కీర్తన మీదా డ్రిల్లు మీదా కూడా కోపం వస్తుంది. 94డిస్కాంట్ పెట్టుకుంటే డ్రిల్లు దానిలో కలిసిపోతుంది. ముందే తెగి ఉన్నదాన్ని అది కొత్తగా తెంచలేదు కదా. మీకు లోపం లేని పాట కావాలి, మీరు ఒకటి పోగొట్టుకున్నారు. నాకు అలాంటి పాట వినే గది లేదు.

గుజరాతీ గల్లీ పాతకాపు:
అయితే మీకు కావలసింది కిటికీకి రెండో అద్దం.

నైట్‌షిఫ్ట్ మాదాపూర్:
అద్దె ఇంటికి ఎవరు వేయిస్తారండీ?

తార్నాక మేడగది:
ఇద్దరూ రావాలని కోరుతూ జాబితా మారుస్తున్నాను. ముందు ఎయిర్‌పోర్ట్స్‌లోని మొదటి రచన, తర్వాత ఎన్‌ఐడీ టేపుల నుంచి అరగంట, ఆపైన డీప్ లిజనింగ్. ఏఫెక్స్ ట్విన్ పొడవు ఎక్కువ కనుక ఈసారికి లేదు. టీ తర్వాత డూ వైల్ ఒక్కటే పూర్తిగా వేస్తాను. బసిన్స్కీని తీసేశాను, అది ఎనిమిదిమంది మధ్య కూర్చొని వినేది కాదని నాకూ ఇప్పుడు అనిపిస్తోంది. సీడీ దొరికింది కాని మా ప్లేయరు ఏడాదిగా మూలన పడి ఉంది.

గుజరాతీ గల్లీ పాతకాపు:
ప్లేయరు నేను తెస్తాను, లెన్సు తుడిచే తెస్తాను, మీ డిస్కు మీద వేలిముద్రలు లేకుండా చూసుకోండి. వినిపించే తడబాటు వాళ్లదో మీదో తేలాలి కదా. చెప్పులు మాత్రం గుమ్మానికి దగ్గరగానే విడుస్తాను.