అప్‌డేట్: మా బ్లాక్ ఘోస్ట్ బతికింది

పోయిన నెల అడిగాను కదా, కొత్తగా తెచ్చిన బ్లాక్ ఘోస్ట్ నైఫ్ ఫిష్ పగలంతా పక్కకి ఒరిగి పడుంటోంది, మేత ముట్టడం లేదు, చచ్చిపోతుందా అని. చావలేదు. మీరు చెప్పినట్టు ఒరిగి పడుకోవడం దాని అలవాటే. రాత్రిళ్లు తిరిగే చేప. ఒంట్లో పుట్టే సన్నటి కరెంటుతో చీకట్లో దారి వెతుక్కుంటుంది.

అసలు తంటా నీళ్లది. మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట పక్క పల్లె. బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి, రొయ్యల చెరువుల వాళ్లు వెళ్లే ల్యాబ్‌లో ఇచ్చాను. హార్డ్‌నెస్, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటి ఖనిజాల లెక్క, లీటరుకి 600 మిల్లీగ్రాములు దాటింది. "రొయ్యలకైతే భలే నీళ్లన్నా" అని నవ్వాడు ల్యాబ్ కుర్రాడు. ఇదేమో అమెజాన్ వైపు చేప, దీనికి ఆ ఖనిజాలు తక్కువుండే మెత్తటి నీళ్లు కావాలి. రోజుకు ఒక బిందె తీసి ఆర్‌వో నీళ్లు పోస్తూ, పది రోజుల్లో సగానికి దించాను. అన్నట్టు, షాపతని మాట విని మొదట్లో ఉప్పు కూడా వేశాను. మెత్తటి నీళ్ల చేపకి ఉప్పు! నా తెలివి అలా ఏడ్చింది.

ఇప్పుడు దాక్కోవడానికి అడుగున పీవీసీ పైపు ముక్క పెట్టాను. లైటు ఆర్పిన అరగంటకి బ్లడ్‌వార్మ్ (మేతగా వేసే ఎర్ర పురుగులు) వాసన పట్టి బయటికొస్తుంది. ఒళ్లు కదలదు, కింద రెక్క ఒక్కటే పరికిణీ అంచులా అలలాడుతుంది. తిన్నాక అలాగే వెనక్కి, తోకతో దారి చూసుకుంటూ పైపులోకి. మా అమ్మ దీనికోసం సీరియల్ మానేసింది.

ఇంకో టెన్షన్ మిగిలింది. ఇది అడుగున్నర దాకా పెరుగుతుంది, మా ట్యాంకు మూడడుగులే. నెల్లూరులో ఎవరైనా పాత ఆరడుగుల ట్యాంకు అమ్ముతుంటే చెప్పండి.