ఎండాకాలంలో కూడా నాన్నకి దాహం వేయట్లేదు, ఎందుకు?

పల్నాటి పిల్ల:
మాది రెంటచింతల. మే నెలలో ఎండల వార్తల్లో వినే ఊరే. నాన్నకి 76 ఏళ్లు, రిటైరైన లెక్కల మాష్టారు. పోయిన వారం మధ్యాహ్నం కుర్చీలోంచి లేస్తూ తూలారు, మాట తడబడింది. పక్షవాతమేమోనని ఆసుపత్రికి పరిగెత్తాం. ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయన్నారు. సెలైన్ ఎక్కాక సాయంత్రానికి మామూలు మనిషయ్యారు.

నాకు అర్థం కానిదేంటంటే, మంచం పక్కనే కూజా ఉంది. అయినా తాగరు. అడిగితే "దాహం వేయలేదమ్మా, వేయనప్పుడు తాగడం దేనికి?" అంటారు. బతిమాలితే గ్లాసు ఎత్తి గొంతులో రెండు గుక్కలు పోసుకుని కిటికీలో పెట్టేస్తారు. గంటయ్యాక చూస్తే గ్లాసు అలాగే ఉంటుంది, పైన ఓ చీమ తేలుతూ. ఇది మొండితనమా, మతిమరుపా?

ఫిజియాలజీ ట్యూటర్:
రెండూ కాదండీ, ఆయన నిజమే చెబుతున్నారు. ఆయనకి దాహం తెలియట్లేదు.

మెదడు అడుగున హైపోథలామస్ దగ్గర, రక్తం ఎంత చిక్కబడిందో కనిపెట్టే కణాలుంటాయి. ఒకటి రెండు శాతం తేడా వచ్చినా పట్టేస్తాయి. వెంటనే కిడ్నీలకి నీళ్లు పొదుపు చేయమని వాసోప్రెసిన్ హార్మోన్ వెళ్తుంది, మనకి నాలుక పిడచకట్టుకుపోతుంది. 1950ల మొదట్లో స్వీడన్‌లో బెంగ్ట్ ఆండర్సన్ మేకల మెదడులో ఆ చోట కాస్త ఉప్పునీరు ఎక్కించాడు. ఒంట్లో నీళ్లకి కొదవ లేని మేకలు గటగటా తాగడం మొదలెట్టాయి.

వయసు పెరిగేకొద్దీ ఈ కబురు మందగిస్తుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 67-75 ఏళ్ల ఆరోగ్యవంతులైన ఏడుగురినీ, ఏడుగురు కుర్రాళ్లనీ 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచారు. రక్తం ఎక్కువ చిక్కబడింది పెద్దవాళ్లకే. దాహం తక్కువ వేసిందీ వాళ్లకే. ఆ తర్వాత నీళ్లు ముందు పెట్టినా తక్కువే తాగారు.

పల్నాటి పిల్ల:
మరి రెండు గుక్కలకే "చాలు" అంటారేం?

ఫిజియాలజీ ట్యూటర్:
తాగిన నీళ్లు రక్తంలో కలవడానికి పది నిమిషాల పైనే పడుతుంది. దాహం మాత్రం నిమిషంలో తీరిపోతుంది కదా? నోరు, గొంతు గుక్కలు లెక్కపెట్టుకుని "వస్తున్నాయి" అని మెదడుకి ముందే చెప్పేస్తాయి. మెదడు అప్పు మీద నమ్మేస్తుంది. అసలే సన్నగా ఉన్న దాహం ఆ మాటకే చల్లారిపోతుంది.

రాత్రి డ్యూటీ:
అక్కా, నేను నర్సుని. "దాహంగా ఉందా" అని అడగడం మానేయండి, వార్డులో మేమూ అడగం. మాత్రతో నిండు గ్లాసు, టిఫిన్‌కి ముందొకటి, వార్తలప్పుడు మజ్జిగ. ముంజలు, పుచ్చకాయ కూడా లెక్కే. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలట్లేదని.

బీపీకి నీళ్లు పోయే మాత్ర ఇస్తున్నారేమో చీటీ చూడండి. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. భయపడి బిందెలు తాగించొద్దు, ఉత్త నీళ్లు మరీ ఎక్కువైతే సోడియం పడిపోతుంది. ఇంకోటి, రాత్రి లేవాల్సొస్తుందని తాగడం మానేస్తున్నారేమో అడగండి. మా దగ్గరికొచ్చే ముసలాళ్లలో సగం కథ అదే.

పల్నాటి పిల్ల:
అడిగా చెల్లీ. అదే! బాత్రూమ్ దొడ్డివైపు, రెండు మెట్లు దిగాలి. మోకాళ్లకి భయపడి సాయంత్రం నుంచీ తాగట్లేదట. ఇన్నాళ్లూ చెప్పలేదు. మెట్ల దగ్గర పట్టుకోడానికి రేపు కడ్డీ పెట్టిస్తున్నా. గుండె, కిడ్నీలు బానే ఉన్నాయి, మాత్ర సంగతి డాక్టర్‌ని అడగాలి.

ఆక్స్‌ఫర్డ్ సంగతి చదివి వినిపిస్తే "పద్నాలుగు మందితోనే తేల్చేశారా?" అన్నారు. అయినా క్యాలెండర్ మీద గ్లాసుకో గీత గీస్తున్నారు. నిన్న ఆరు గీతలు. ఒకటి దొంగ గీత, కిటికీలో చీమ పట్టించింది.