జీవితాంతం ఒకే దేశం సంగీతం వినాలంటే ఏ దేశం? (ఊరికే అమెరికా అనేసి వెళ్లిపోకండి)

పాతక్యాసెట్
ప్రశ్న సింపుల్. ఇకమీదట పోయేదాకా ఒక్క దేశం సంగీతమే వినాలి. అక్కడి శాస్త్రీయం, జానపదం, సినిమా పాటలు, పాప్, ర్యాప్, రేపు రాబోయేవి కూడా, అన్నీ మీవే. మిగతా ప్రపంచం మ్యూట్. ఏ దేశం తీసుకుంటారు, ఎందుకు?

నా ఓటు బ్రెజిల్‌కి. ఎవరి దగ్గర ఎంతమంది మహానుభావులున్నారు అనే లెక్క ఇక్కడ పనికిరాదని నా వాదన. జీవితాంతం అన్నాక చూడాల్సింది అవసరాలు. నిద్రపట్టని రాత్రికి ఒకటుండాలి, పని చేసుకుంటుంటే వెనకాల నడిచేది ఒకటుండాలి, మనిషి పోయినప్పుడు వినగలిగేది ఉండాలి, పదిమంది చేరినప్పుడు కాళ్లు ఆగనివ్వనిది ఉండాలి. బ్రెజిల్‌లో వీటన్నిటికీ ఉన్నాయి. 19వ శతాబ్దంలో రియోలో పుట్టిన షోరో ఉంది, ఫ్లూటూ గిటారూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. సాంబా సంగతి చెప్పక్కర్లేదు. ఈశాన్యానికి వెళ్తే లూయిజ్ గొంజాగా అకార్డియన్, పక్కన ఒక ట్రయాంగిల్, ఒక డోలు, అంతే సరంజామా, కానీ కూర్చోనివ్వదు. శాస్త్రీయం కావాలంటే విల్లా-లోబోస్ ఉన్నాడు, జర్మన్ స్వరకర్త బాఖ్ పద్ధతినీ బ్రెజిల్ జానపదాన్నీ కలిపి ఏకంగా ఒక వరసే రాసిపెట్టాడు.

ఇక బోసా నోవా, సాంబానే మెత్తగా పాడుకునే పద్ధతి. లిఫ్టుల్లో వేసే సంగీతం అని తీసిపారేసేవాళ్లు జొవావ్ జిల్బెర్టో గిటారు ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బొటనవేలు బేస్ తీగల మీద నిలకడగా కొడుతుంటుంది, అది సాంబా ఊరేగింపులో పెద్ద డ్రమ్ము వేసే దెబ్బ. మిగతా వేళ్లు కలిసి పై తీగల్ని మీటుతూ ఆ దెబ్బకి కాస్త ముందో వెనకో పడుతుంటాయి, అది చిన్న డ్రమ్ము పని. గొంతు మాత్రం ఈ రెండింటితో తనకేం సంబంధం లేనట్టు గుసగుసలాడుతూ ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా వాక్యం చివర్లో వచ్చి కలుస్తుంది. వందమంది వీధిలో వాయించేది ఒక్కడు కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాడన్నమాట. నాకైతే ఇది ఒక్కటి చాలు, మిగతాదంతా బోనస్.

బేస్‌లైన్
అమెరికా అనొద్దని ముందే గేటు మూసేస్తే ఇంక చర్చ దేనికి గురూ? సరే, మీ కొలతతోనే కొలుద్దాం. నిద్రపట్టని రాత్రికి బ్లూస్ కంటే ఏముంది? పనికి వెనకాల జాజ్. కాళ్లు ఆగకపోవడానికి ఫంక్, లేదంటే షికాగో హౌస్. డెట్రాయిట్ ఒక్క ఊరే తీసుకోండి, 1959లో మోటౌన్ రికార్డు కంపెనీ మొదలైంది అక్కడే, 80ల్లో టెక్నో పుట్టిందీ అక్కడే. చాలా దేశాలకి లేని వెరైటీ ఒక్క కార్ల ఫ్యాక్టరీల ఊరికి ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో అయితే అంతిమయాత్రకి బ్యాండు వెళ్తూ శోకగీతం వాయిస్తుంది, తిరిగొస్తూ డాన్సు పాట వాయిస్తుంది. మీరడిగిన రెండు అవసరాలూ ఒకే బ్యాండు తీర్చేస్తోంది.

ఇంకో సంగతి, మీ బోసా నోవాలో ఆ మెత్తటి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) ఉన్నాయే, వాటి వెనకాల జాజ్ విన్న చెవులున్నాయి.

ఆఫ్‌బీట్
హిప్‌హాప్ పేరెత్తలేదేంటి బ్రో? ఎత్తితే ఇరుక్కుంటారని కాబోలు 😀

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే పార్టీలో రికార్డులు తిప్పిన కూల్ హెర్క్ పుట్టింది జమైకాలో, కింగ్‌స్టన్‌లో. బండెడు స్పీకర్లు పెట్టి బేస్ దద్దరిల్లించే అలవాటు అక్కడిదే. అందుకే నా ఓటు జమైకాకి. మొత్తం జనాభా 30 లక్షలు దాటదు, అంతలోనే స్కా, రాక్‌స్టెడీ, రెగే, డబ్, డాన్స్‌హాల్. డబ్ సంగతి కొంచెం చెప్పాలి. కింగ్ టబ్బీ అని ఒకాయన, రేడియోలూ ఆంప్లిఫయర్లూ రిపేరు చేసుకునే మనిషి. పూర్తయిపోయిన పాట టేపు తీసుకుని మిక్సర్ ముందు కూర్చుని గొంతు తీసేసేవాడు, బేసూ డ్రమ్సూ మాత్రం ఉంచేవాడు, నడుమ ఒక మాట ముక్కని వదిలి దానికి ఎకో తగిలించేవాడు. అది తిరుగుతూ తిరుగుతూ చీకట్లోకి పోతుంది. మిక్సర్ కూడా వాయిద్యమే అని చూపించినవాళ్లలో ఆయనది మొదటి వరస. ఇవాళ ప్రపంచంలో ఎవరు రీమిక్స్ చేసినా ఆయనకి బాకీ.

బేస్‌లైన్
జనాభా తక్కువని గ్రేస్ మార్కులు వెయ్యరు కదా. ముప్ఫై ఏళ్లు పోయాక కూడా రోజూ అదే చక్ చక్ గిటారు మీద లేవాలి, ఆలోచించుకో.

మంద్రస్థాయి
అందరూ ఎన్ని రకాలున్నాయో లెక్కపెడుతున్నారు, లోతు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. జీవితాంతం అంటే చాలా పొడుగు. వెరైటీ పదేళ్లలో అయిపోతుంది, ఆ తర్వాత తవ్వితే ఇంకా దొరికేది కావాలి. అందుకని ఇండియా. సొంత దేశం కదా అని కాదు, వేరే ఎక్కడ పుట్టినా ఇదే అనేవాణ్ణి.

చిన్న ఉదాహరణ. కర్ణాటక తోడి, హిందుస్తానీ భైరవి రాగాలు, రెండింటికీ మెట్లు, అంటే స్వరాలు, అవే: చిన్న రి, చిన్న గ, చిన్న ద, చిన్న ని. రెండూ పక్కపక్కన వినండి, చుట్టాలని కూడా అనిపించవు. తోడిలో గాంధారం (గ) ఒకచోట నిలబడదు, కింద నుంచి పైకి ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపు తీసేస్తే తోడే లేదు. భైరవిలో అదే గాంధారం హాయిగా నిలబడుతుంది. మరి హిందుస్తానీ వాళ్లు తోడి అనేదాని మెట్లు కావాలంటే మళ్లీ మనం శుభపంతువరాళి దగ్గరికెళ్లాలి. ఒకే దేశంలో ఒకే ఏడు స్వరాలతో రెండు వేర్వేరు ప్రపంచాలున్నాయి, పైన డజను భాషల సినిమా పాటలు, ఇంకా జానపదాల జోలికి వెళ్లనేలేదు. ఈ జన్మకి చాలదా?

వాన_చప్పుడు
మంద్రస్థాయి గారూ, అంతా బాగుంది కానీ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ని వదిలేసుకుంటారా మరి? వాళ్ల కుటుంబం జలంధర్‌ది, ఆయన మాత్రం 1948లో సరిహద్దుకి అవతల, ఇప్పటి ఫైసలాబాద్‌లో పుట్టారు. మెహదీ హసన్ పుట్టింది రాజస్థాన్‌లో, గజళ్లతో పేరు తెచ్చుకుంది పాకిస్తాన్‌లో. బడే గులాం అలీ ఖాన్ ఇంకా తిరకాసు, పుట్టింది కసూర్‌లో, విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండి, మళ్లీ ఇటొచ్చి ఇండియా పౌరసత్వం తీసుకున్నారు. ఆయన పాడిన ఠుమ్రీల్లో ఏది వినొచ్చు, ఏది మ్యూట్? రాగాలకి వీసా ఎవరిస్తారు?

పాతక్యాసెట్
మంచి పాయింట్. రూల్ ఇలా పెట్టుకుందాం: పాస్‌పోర్టు కాదు, పుట్టిన ఊరూ కాదు, ఆ సంగీతం ఎక్కడ తయారైందో అదే దాని దేశం. నుస్రత్ పాకిస్తాన్ ఖాతాలోకి, బడే గులాం అలీ ఖాన్ ఇటొచ్చాక పాడినవన్నీ ఇండియా ఖాతాలోకి.

ఫ్యూగ్
నేను జర్మనీ అందామని వచ్చాను. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో పంపిన బంగారు రికార్డులో భూమి మొత్తానికి కలిపి ఓ గంటన్నర సంగీతం పెట్టారు, అందులో బాఖ్‌వే మూడున్నాయి. వేరే ఎవరికీ అన్ని దక్కలేదు. ఆపైన బ్రామ్స్, వాగ్నర్, ఇటువైపు క్రాఫ్ట్‌వెర్క్ బ్యాండు, ఎలక్ట్రానిక్ సంగీతం మొత్తం వాళ్ల వెనకాలే నడిచింది (డెట్రాయిట్ టెక్నో కుర్రాళ్లు కూడా వాళ్లని వినే పెరిగారు బేస్‌లైన్ గారూ).

మంద్రస్థాయి
ఫ్యూగ్ గారూ, ఇప్పుడే పాస్ చేసిన రూలు చూసుకోండి ఒకసారి. బీథోవెన్ బాన్‌లో పుట్టాడు కానీ 1792లో వియన్నా చేరి ఇక అక్కడే ఉండిపోయాడు, పెద్ద పెద్ద రచనలన్నీ అక్కడివే. పోయాడు ఆస్ట్రియాకి. హాండెల్ పుట్టింది హాలేలో, పేరొచ్చిన ఓరటోరియోలు (మతకథల మీద పెద్ద గాన రచనలు) రాసింది లండన్‌లో, 1727లో బ్రిటిష్ పౌరుడే అయిపోయాడు. అతనూ పోయాడు. అసలు గట్టిగా అడిగితే జర్మనీ అనే ఏక దేశం ఏర్పడిందే 1871లో, బాఖ్ పోయి అప్పటికి 120 ఏళ్లు దాటింది.

ఫ్యూగ్
అలా అయితే నేను ఆస్ట్రియా తీసుకుంటా, హేడన్, మోత్సార్ట్, షూబర్ట్‌తో పాటు బీథోవెన్ కూడా ఫ్రీ. రూలు పెట్టింది మీరే, తర్వాత ఏడవకండి.

బేస్‌లైన్
ఆస్ట్రియాతో పెళ్లిలో డాన్సుకి వాల్ట్జ్ తప్ప ఇంకేం వేస్తారో చూడాలి.

బీ_సైడ్
లేటుగా వచ్చా. కాంగో అనేవాళ్లు ఒక్కరూ లేరా? ఎంత అన్యాయం. కథేంటంటే, ఆఫ్రికా నుంచి బానిసలుగా క్యూబాకి తీసుకుపోయినవాళ్ల తాళాలు అక్కడ స్పానిష్ పాటతో కలిసి కొత్త సంగీతం అయ్యాయి. ఆ క్యూబా రికార్డులు 1930లు, 40ల్లో తిరిగి కాంగో నది ఒడ్డుకి చేరాయి. అక్కడివాళ్లు విని, ఇది మాదే కదా అన్నట్టు అందుకుని, పియానో చేసే పనంతా ఎలక్ట్రిక్ గిటార్లకి అప్పగించారు. అదే కాంగో రుంబా.

ఈ పాటల్లో సెబెన్ అని ఒక భాగం ఉంటుంది. మొదట పాట నెమ్మదిగా, గొంతులు కలుపుకుంటూ నడుస్తుంది, ప్రేమ గోడు వెళ్లబోసుకోవడం అదీ. సగం దాటాక గాయకుడు తప్పుకుంటాడు. మూడు గిటార్లు మిగులుతాయి, ఒకటి రిథమ్, ఒకటి మధ్యలో, ఒకటి పైన. పైది చిన్న ముక్క ఒకటి పట్టుకుని తిప్పుతుంది, తిప్పుతూనే ఉంటుంది, నాలుగోసారో ఎనిమిదోసారో ఒక్క స్వరం మారుస్తుంది, అక్కడితో డాన్సు మొత్తం మారిపోతుంది. అక్కడి గిటారిస్టు ఫ్రాంకో వాయిస్తుంటే రెండు తీగలు కలిపి గీకినట్టుంటుంది, సొంపేమీ ఉండదు, కానీ వదలదు. లోతూ వెరైటీ ఏది అని కొట్టుకుంటున్నారు కదా, ఇక్కడ అదే ముక్క మళ్లీ మళ్లీ రావడమే లోతు.

వాన_చప్పుడు
ఏ కాంగో? రెండున్నాయి. కిన్షాసా, బ్రజావిల్ నదికి చెరో ఒడ్డున, ఎదురెదురుగా. సంగీతం ఒకటే. 2021లో యునెస్కో గుర్తింపు కూడా రెండు దేశాలకీ కలిపే ఇచ్చింది. పాతక్యాసెట్ గారి రూలు ప్రకారం నది మధ్యలో పడవలో వాయిస్తే ఎవరి ఖాతా?

బీ_సైడ్
ఫ్రాంకో బ్యాండు కిన్షాసాలో ఉండేది, ఆ ఒడ్డు నాకు చాలు. అవతలి ఒడ్డు నుంచి గాలికి ఏదైనా వినబడితే చెవులు మూసుకోను, కేసు పెట్టుకోండి.

చెవిపోగు
ఒక్క డౌటు. బ్రెజిల్ అన్నాయనకి పోర్చుగీస్ వచ్చా? కాంగో అన్నాయనకి లింగాల వచ్చా? ముక్క అర్థం కాని పాట జీవితాంతం ఎలా వింటారు? మనసు బాగోలేనప్పుడు మనిషికి మాట కావాలి, ట్యూన్ ఒక్కటీ సరిపోదు. నేను మాత్రం భాష వచ్చిన దేశమే తీసుకుంటా, అది చిన్నదైనా సరే.

పాతక్యాసెట్
చెవిపోగు గారూ, ఇక్కడ నేను పూర్తిగా అవతలి పక్షం. పాటలో ముందు అరిగిపోయేది మాటే. వందోసారి విన్నప్పుడు ఆ ప్రియుడి గోల ఎవడికి కావాలి? తెలియని భాష అయితే గొంతు గొంతుగా వినబడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ కావాలని శృతికి కాస్త కింద ఉంచాడో తెలుస్తుంది. పైగా జీవితాంతం టైముంది కదా, పోర్చుగీస్ నేర్చుకోలేనా? అప్పుడు పాత పాటలన్నీ మరోసారి కొత్తవవుతాయి. భాష వచ్చిన దేశం తీసుకున్నవాళ్లకి ఆ రెండో రౌండు లేదు. ఇంకోటి, మాటకి బ్రెజిల్‌లో ఎంత బలముందంటే, సైనిక ప్రభుత్వం 1968 డిసెంబరులో పాటగాళ్లు కయెతానో వెలోజోనీ జిల్బెర్టో జిల్‌నీ జైల్లో పెట్టి తర్వాతి ఏడాది దేశం దాటించింది. అదే జిల్ 2003లో సాంస్కృతిక మంత్రి అయ్యాడు. నేర్చుకోదగ్గ భాషే అది.

చెవిపోగు
మాటలు ముందు అరిగిపోతాయంటే నేనొప్పుకోను. ట్యూన్ మర్చిపోయి ఒక్క లైను గుర్తున్న పాటలు నాకు బోలెడున్నాయి. సరే, ఇది కొట్టుకున్నా తేలదు.

ఆఫ్‌బీట్
ఒక్క మాట పాతక్యాసెట్ గారూ. మీ రూలు ప్రకారం మీ జిల్, కయెతానో లండన్‌లో ప్రవాసంలో ఉండగా రికార్డు చేసినవి ఇంగ్లండ్ ఖాతాలోకి పోతాయి. మంద్రస్థాయి గారు బీథోవెన్‌ని లాక్కున్నట్టే. మ్యూట్ చేస్తారా?

పాతక్యాసెట్
ప్రవాసానికి మినహాయింపు.

ఫ్యూగ్
అదిగో మొదలైంది. హాండెల్‌ని వెనక్కి ఇవ్వండి ముందు.