దక్షులెవ్వార? పెద్దలెవ్వార?

అరసున్న:
ఒక పాదం బుర్రలోంచి పోవట్లేదు, కాస్త సాయం పట్టండి. మనం ఓట్లేసి పంపినవాళ్లు సభలో ఒకళ్లనొకళ్లు, ఇంట్లో ఆడవాళ్లని కూడా లాగి తిట్టుకోవడం చూసి చూసి మనసు విరిగి ఒక వ్యాసం మొదలుపెట్టా. తిట్టినవాడి గురించి కాదు, పక్కన కూచుని బల్లలు చరిచినవాళ్ల గురించి, వినపడనట్టు కాగితాలు తిరగేసినవాళ్ల గురించి. అందులో తిక్కన భారతం ఉద్యోగపర్వంలో, కౌరవ సభలో కృష్ణుడు చెప్పే రాయబారం పద్యం పెట్టాలి. నా నోటికి వచ్చేది "చెడబారినదైన యవస్థ పెద్దలెవ్వార లుపేక్ష సేసిరి" అని. పుస్తకం తీస్తే "దక్షులెవ్వార" అనుంది. నేను విన్నది మాత్రం పెద్దలే. పాఠాంతరం ఏమైనా ఉందా?

శకటరేఫ:
దక్షులే అండీ, నాకైతే అనుమానం లేదు. మొత్తం ఇస్తున్నా, ఇక్కడ్నించి కాపీ చేసుకోండి.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షులె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవ ముండెడున్

ధర్మం పాపం చేత, సత్యం బొంకు చేత కడతేరలేక చెడిపోతుంటే, ఆపగలిగి ఊరుకున్నవాళ్లకే అది చేటు, ధర్మాన్ని గట్టెక్కించి సత్యానికి మేలు చెయ్యడానికి దైవం ఉండనే ఉంది, అని. వ్యాసంలో పెట్టేటప్పుడు చెడఁబాఱిన అని బండి ఱ ఉంచండి, మామూలు ర వేస్తే "పారము"కీ దీనికీ తేడా కనపడకుండా పోతుంది.

గణవిభజన:
శకటరేఫ గారూ, అంత తొందరగా తేల్చేస్తే ఎలా. "యవస్థ పెద్దలె" అన్నా గణాలు చెడవు. వస్థపె రగణం, ద్దలె వగణం, ఉత్పలమాల శుభ్రంగా నడుస్తుంది. యతి పదో అక్షరం "బా" దగ్గరే అయిపోయింది, ప్రాసతో దీనికి పనిలేదు. అంటే ఈ రెండక్షరాల విషయంలో ఛందస్సు సాక్ష్యం చెప్పదు. "రక్షకులెవ్వార" అని పాడేవాళ్లని కూడా విన్నా, అది మాత్రం గణం తప్పుతుంది, దాన్ని వదిలెయ్యొచ్చు. పెద్దలని అలా వదలలేం.

మూలంచూడు:
ఛందస్సు చెప్పకపోతే మూలం చెప్తుంది కదా. "యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". చూస్తూ ఉండగానే అధర్మం ధర్మాన్నీ అబద్ధం సత్యాన్నీ చంపేస్తే, అక్కడ సభాసదులే చచ్చినట్టు అని. ఇందులో పెద్దలూ లేరు దక్షులూ లేరు, ఉన్నది సభాసదులు. అరసున్న గారి పెద్దలు వచ్చింది వేరేచోట నుంచి అని నా అనుమానం, అదే ఉద్యోగపర్వంలో విదురుడి "న సా సభా యత్ర న సంతి వృద్ధాః" నుంచి. పెద్దలు లేనిది సభ కాదు, ధర్మం చెప్పనివాళ్లు పెద్దలు కారు. ఢిల్లీ పాత పార్లమెంటు భవనంలో లిఫ్టు దగ్గర గుమ్మటం మీద కూడా ఇదే రాసుంటుంది. రెండూ సభ గురించే, రెండూ ఒకే పర్వంలోవి, జ్ఞాపకంలో కలిసిపోయుంటాయి.

అరసున్న:
కలిసిపోయుండొచ్చు. కానీ నా బాధ వేరు, పెద్దలు అంటే ఒక వ్యాసం, దక్షులు అంటే ఇంకో వ్యాసం. పెద్దలైతే వయసు, అనుభవం, మర్యాద, నీతి చెప్పాల్సినవాళ్లు. దక్షులైతే ఆపగలిగే అధికారం చేతిలో ఉన్నవాళ్లు. ఆ మాటని రికార్డుల్లోంచి తీసెయ్యమని చెప్పగలిగిన సభాధ్యక్షుడు, ఈ నోరున్నవాడికి ఈసారి టికెట్ లేదని చెప్పగలిగిన పార్టీ నాయకుడు. వాళ్లని వదిలేసి జనంలో విలువలు పడిపోయాయని రాస్తే అది పిరికి వ్యాసం అవుతుంది.

శకటరేఫ:
అందుకే దక్షులే అంటున్నా! వ్యాసుడు సభలో ఉన్నవాళ్లందరినీ కలిపి చచ్చినవాళ్ల కింద కట్టేశాడు. తిక్కన వాళ్లలోంచి చేవ ఉన్నవాళ్లని వేరు చేసి పట్టుకున్నాడు. అది మంత్రి పని చేసినవాడి చూపు. మనుమసిద్ధి దగ్గర మంత్రి, రాజు కోసం గణపతిదేవుడి కొలువుకి వెళ్లొచ్చాడని కూడా అంటారు. కొలువులో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో తెలిసినవాడు. చెల్లనివాడి మౌనాన్నీ చెల్లేవాడి మౌనాన్నీ ఒక గాటన కట్టడు. తిక్కనలో నాకు ప్రాణం ఇక్కడే, ఒక్క మాట మార్చి మొత్తం బాధ్యతని ఎవరి నెత్తిన పెట్టాలో వాళ్ల నెత్తిన పెడతాడు.

పాదంలెక్క:
ఆ వేరు చెయ్యడం తిక్కనతో మొదలవ్వలేదు శకటరేఫ గారూ. సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకి ఎవరూ నోరు మెదపనప్పుడు విదురుడు కశ్యపుడి మాట చెప్తాడు కదా, "అర్ధం హరతి వై శ్రేష్ఠః". నిందించాల్సినదాన్ని నిందించని సభలో పాపంలో సగం సభకి పెద్దైనవాడిది, పావు చేసినవాడిది, పావు నోరు మూసుకున్న సభ్యులది. తిట్టినవాడికి పావే! ఊరుకున్న అధ్యక్షుడికి సగం. అరసున్న గారూ, మీ వ్యాసానికి రాయబారం పద్యం కంటే ఇదే గట్టిది.

గణవిభజన:
శ్రేష్ఠుడు అంటే పెద్దే కదండీ మరి. దక్షుడు కాదుగా. చూశారా, పెద్దలు మళ్లీ వచ్చారు.

ఇంకోటి, ఉపేక్ష అనేది ఎప్పుడూ తప్పే అన్నట్టు మాట్లాడుతున్నాం, మనందరికీ చిన్నప్పుడు నేర్పింది "నొప్పింపక తా నొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అని. దానికీ దీనికీ ఎలా పొత్తు కుదురుస్తారు?

శకటరేఫ:
కుదర్చక్కర్లేదు. అది బతకనేర్చినవాడి పద్యం, ఇది సభలో కూచున్నవాడి పద్యం. అయినా అక్కడ "ఎప్పటికెయ్యది ప్రస్తుతము" ముందుంది. ప్రస్తుతం అంటే ఇప్పుడు అని కాదు, ఆ సందర్భానికి తగింది అని. పక్కవాడు ఒక ఆడమనిషిని తిడుతుంటే ఆపడమే ప్రస్తుతం.

నీటిరేవు:
మీరంతా రెండో పాదం చివర చిక్కుకుపోయారు, నాకైతే పద్యం మొత్తం ఒక ఏరు దాటడంలా కనపడుతుంది. పారము అంటే అవతలి గట్టు. ధర్మం, సత్యం గట్టు చేరలేకపోతున్నాయి. చెడఁబాఱు, పాఱు అంటే నీళ్లు పారడమే. చివర నిస్తారకము, దాటించేది. దాటించాల్సినవాళ్లు చేతులు కట్టుకుని కూచుంటే దైవం వచ్చి దాటిస్తుంది. ఈ వరసలో ఆలోచిస్తే దక్షులు అంటే తెడ్డు వెయ్యడం వచ్చినవాళ్లు. పెద్దలు ఇక్కడ అతకదు.

శకటరేఫ:
పారము, నిస్తారకము వరకు ఒప్పుకుంటా, బాగుంది. చెడఁబాఱు దగ్గర మాత్రం ఒప్పుకోను. అది ఒకే మాట, చెడిపోవు అని అర్థం, అందులో నీళ్లు వెతకకూడదు.

నీటిరేవు:
పారము పక్కనే, యతిస్థానంలో బాఱు పెట్టిన మనిషి నీళ్లు వినకుండానే పెట్టాడంటారా? నేను నమ్మను.

మూలంచూడు:
ఒక్కమాట, "ప్రేక్షమాణానాం" దగ్గర ఎవరూ ఆగలేదు. అది అనాదర షష్ఠి, పాణిని "షష్ఠీ చానాదరే" సూత్రం. చూస్తూ ఉండగానే, వాళ్లని ఖాతరు చెయ్యకుండా, అని. తిక్కన ఆ ప్రేక్షని ఉపేక్ష చేశాడు, ధాతువు ఒకటే, ఉపసర్గ మారింది. ఇంకో సంగతి, ఈ చూడటం అనేది ఇప్పుడు సభ దాటి బయటికి వచ్చింది. 2005లో డయానా మట్జ్, బైరన్ రీవ్స్ అనే అమెరికా పరిశోధకులు ఒకే చర్చని రెండు రకాలుగా నటులతో తీయించి చూపించారు, వాదనలు అవే, ఒకదాంట్లో మర్యాదగా, ఇంకోదాంట్లో అడ్డుతగులుతూ ఎగతాళి చేస్తూ. రెండో రకం చూసినవాళ్లకి నాయకుల మీద నమ్మకం తగ్గింది. కానీ చూడటానికి అదే ఎక్కువ రంజుగా ఉందన్నారు. అందుకే టీవీలు దాన్నే తిప్పి తిప్పి వేస్తాయి. మాట వల్ల కాదు, మాటతీరు వల్లే నమ్మకం పోతోంది.

పాదంలెక్క:
అంటే హతులైన సభాసదుల్లో చూసేవాళ్లని కూడా కలుపుతారా? శ్లోకంలో ప్రేక్షించేది సభాసదులే, జనాన్ని అందులోకి లాగడం అన్యాయం.

అరసున్న:
జనాన్ని లాగొద్దనే నేనూ అంటా. జనం చేతిలో ఐదేళ్లకో ఓటుంది, అంతే. సభ ఉన్నది సభాసదుల చేతిలో.

ఇంకోటి, ఇప్పుడే పట్టుకుంది నన్ను. "బొంకు" అన్నాడు చూడండి కృష్ణుడు. నిండు సభలో, దుర్యోధనుడి ఎదురుగా. ఇవాళ చాలా చట్టసభల్లో ఎదుటి సభ్యుణ్ని అబద్ధాలకోరు అంటే ఒప్పుకోరు, బ్రిటన్ కామన్స్ సభలో అయితే మాట వెనక్కి తీసుకోకపోతే బయటికి పంపిస్తారు. కృష్ణుడు బొంకు అన్నాడు, పాపం అన్నాడు, చేటు అన్నాడు, ఇంతకంటే కటువుగా ఏం చెప్తారు? కానీ ఒక్క పేరు ఎత్తలేదు, "ఎవ్వారలు" అన్నాడంతే. ఆ ఖాళీలో ఎవరు కూచోవాలో సభలో ప్రతివాడికీ తెలుసు. నిజం గట్టిగా చెప్పడానికి తిట్టు అక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. నా వ్యాసం ఇప్పుడు దక్షుల దగ్గర కాదు, ఎవ్వారల దగ్గర మొదలవుతుంది.

గణవిభజన:
అయితే "దక్షులెవ్వార"లో మీకు కావాల్సింది రెండో సగం అన్నమాట. మొదటి సగం మాత్రం ఇంకా తేలలేదు, సంశోధిత ముద్రణ ఎవరి దగ్గరన్నా ఉంటే అడుగున పాఠాంతరాలు చూసి చెప్పండి.

నీటిరేవు:
అది చూసేవాళ్లు చెడఁబాఱు దగ్గర కూడా చూడండి. భారతంలోనే ఇంకెక్కడన్నా నీటి సందర్భంలో వాడి ఉంటే నాకు కావాలి.

శకటరేఫ:
దొరకదు. దొరికినా అది వేరే పాఱు.