అప్‌డేట్: ఆ మిగిలిన 2 పాయింట్ల లెక్క తేలింది

నేనడిగింది ఇదీ: 1963 జనవరి 1న అమెరికాలోని పాసడీనాలో జరిగిన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్ జట్టు సదరన్ కాలిఫోర్నియా మీద ఆఖరి క్వార్టర్‌లో (ఆటలో నాలుగో భాగం) 14–42తో వెనకబడి ఉంది, చివరికి 37–42 దగ్గర ఓడింది. టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి జట్టు వైపు మైదానం చివరి భాగమైన ఎండ్‌జోన్‌లోకి చేర్చడం) 6, ఆపైన కిక్‌కి 1. మూడు టచ్‌డౌన్లకి 21. మరి 23 ఎలా వచ్చాయి?

రెండు పాయింట్ల కన్వర్షనే (టచ్‌డౌన్ తర్వాత కిక్ బదులు బంతిని మళ్లీ ఎండ్‌జోన్‌లోకి చేర్చడం) అయ్యుంటుందని నేను మొండిగా వాదించాను. తప్పు నాదే. సేఫ్టీ (ఒక జట్టు దగ్గరున్న బంతి ఆ జట్టు సొంత ఎండ్‌జోన్‌లోనే ఆగిపోతే అవతలివాళ్లకి వచ్చే 2 పాయింట్లు) అన్నవాళ్లదే రైటు. సదరన్ కాలిఫోర్నియా వాళ్లు పంట్ కొట్టబోతే (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి వదిలేయబోతే), వెనక్కి అందించిన బంతి కాస్తా తన్నాల్సిన ఆటగాడి తల మీదుగా వాళ్ల ఎండ్‌జోన్ వైపు ఎగిరిపోయింది. అలా అవతలివాళ్లకి ఊరికే 2 పాయింట్లు!

లెక్క కోసం వెళ్లి విస్కాన్సిన్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) రాన్ వాండర్‌కెలెన్ దగ్గర ఇరుక్కుపోయాను. 48 పాస్‌లు వేస్తే 33 చేతికందాయి, మొత్తం 401 గజాలు. ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. అందులో 11 పాస్‌లు పట్టింది ఒక్క ప్యాట్ రిక్టరే. చివరి టచ్‌డౌన్ కూడా అతనిదే, అప్పటికి నిమిషం పైచిలుకే మిగిలింది. ఫలితం తెలిసి చదువుతున్నా టెన్షనే. తర్వాత ఆన్‌సైడ్ కిక్ (బంతిని మళ్లీ తామే దక్కించుకోవాలని దగ్గరగా తన్నడం) ప్రయత్నించారు గానీ బంతి దక్కలేదు.

ఓడినా వాండర్‌కెలెన్‌కి ఉత్తమ ఆటగాడి అవార్డులో సగం వాటా ఇచ్చారు. మిగతా సగం గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్ పీట్ బెతార్డ్‌ది. అతనివి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు.