మన ఉద్యోగం తీసుకునేవాళ్లకు మనమే కేటీ (పని నేర్పి అప్పగించడం) ఇవ్వాలా?

ఫ్రిస్కో_తెనాలి:
మా టీమ్ పనంతా హైదరాబాద్ ఆఫీసుకు మారుస్తున్నారు. ఎనిమిది వారాలు కేటీ ఇస్తేనే సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) అంటున్నారు. అమెరికాలో హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నాను. పాప రెండో తరగతి. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిది కూడా తెనాలే. ఆమె మీద కోపం లేదు, కానీ రోజూ కాల్ అయ్యాక అరగంట ఎవరితోనూ మాట్లాడలేకపోతున్నాను. కేటీ పూర్తిగా ఇవ్వాలా? సెవరెన్స్ ఎంత అడగొచ్చు?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
పోయినేడు ఆ అమ్మాయి స్థానంలో నేనున్నానండీ. మీకు ఉదయం 9 అంటే చలికాలంలో మాకు రాత్రి 8:30. మూడు నెలలు బాబు నిద్రపోయాకే ఇంటికెళ్లాను. నాకు నేర్పే పెద్దాయన ఉద్యోగం పోతోందని మా మేనేజర్ చెప్పలేదు. చివరి రోజు ఆయనే చెప్పారు. తర్వాత ప్రమోషన్ వచ్చినా ఇంట్లో స్వీట్లు పంచలేదు. ఇప్పుడు అక్కడ ముగ్గురు చేసిన పని నేనొక్కదాన్నే చేస్తున్నాను.

ఎడిసన్_అన్న:
తమ్ముడూ, ఉద్యోగం పోయాక హెచ్1బీ వాళ్లను ఇక్కడ ఉండనిచ్చే 60 రోజుల సంగతి ముందు చూసుకో. నోటీసు చేతికొచ్చిన రోజు నుంచే లెక్క మొదలు.

వీసా_మాస్టారు:
తప్పు. 11 ఏళ్లుగా ఈ ఫైళ్లే చూస్తున్నాను. మీరు రెండు అరవైలు కలిపేశారు. పెద్ద కంపెనీలు మూకుమ్మడిగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసివ్వాలన్నది 1988 నాటి వార్న్ చట్టం. మీరు చెప్పే హెచ్1బీ గ్రేస్ పీరియడ్ వేరు, అది ఉద్యోగం ముగిశాక మొదలవుతుంది. సాధారణంగా ఏ రోజు వరకు జీతం ఇచ్చారో చూస్తారు.

ఎడిసన్_అన్న:
మా బావమరిదికి జీతం ఇస్తూనే ఇంట్లో కూర్చోబెట్టారు. పని ఆగిన రోజు నుంచే లెక్కపెట్టుకోమని లాయరే చెప్పాడు. ఇద్దరు పిల్లలతో ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు. ఫైళ్లు చూడటం వేరు, సూట్‌కేసులు సర్దడం వేరు.

వీసా_మాస్టారు:
జాగ్రత్త కోసం చెప్పిన మాటను రూలుగా చెప్పి భయపెట్టకండి. నోటీసులో ఉండి పనిచేస్తున్నవాడికి గడియారం మొదలవలేదు!

హన్మకొండ_బిడ్డ:
మీ అరవైలు పక్కన పెట్టండి. 2015లో ఆర్లాండోలో డిస్నీ సుమారు 250 మంది టెక్ ఉద్యోగులను తీసేస్తే, వాళ్లలో కొందరు తమ స్థానంలోకి హెచ్1బీ మీద వచ్చినవాళ్లకు పని నేర్పించి వెళ్లారు. అప్పుడు మనలో ఎంతమందికి బాధేసింది? ఇవాళ మన దాకా వచ్చింది కాబట్టి అన్యాయం అంటున్నాం. ఇక్కడ ఇండియాలో మేం మానేయాలంటే 90 రోజుల నోటీసు. తీసేసేటప్పుడు మాత్రం హెచ్ఆర్ గదిలో కూర్చోబెట్టి రాజీనామా మెయిల్ పెట్టించుకున్నారు. ఆ రోజు నాకు ఎవరూ తోడు రాలేదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అన్నా, సంతకం పెట్టకుండా టైమ్ అడగాల్సింది. మా ఫ్లోర్‌లో ఇద్దరు అడిగారు, రెండు నెలల జీతం ఎక్కువొచ్చింది.

హన్మకొండ_బిడ్డ:
ఈఎంఐ ఉన్నోడికి ఆ ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది చెల్లీ?

ఫ్రిస్కో_తెనాలి:
కేటీ పూర్తిగా ఇస్తాను. సగం చెబితే అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఇబ్బంది పడేది ఆ అమ్మాయే. నా సంగతి రేపటి కాల్‌లో నేనే చెప్పేస్తాను. సెవరెన్స్ ఎంత అడగాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి, శుక్రవారం సంతకం.

ఎడిసన్_అన్న:
ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఎప్పటిదాకా ఉంది తమ్ముడూ? అది ముందే ముగిస్తే 60 రోజులూ రావు. ఈ మాట మాస్టారు కూడా కాదనరు.